రాసింది ఆటగాళ్లు, అడ్రస్ ఎవరిది?

మైన్‌క్రాఫ్ట్ మొదట్లో ఆటగాడికి ఏమీ చెప్పేది కాదు. చెట్టు కొడితే కలప దొరుకుతుంది, కలపను పలకలు చేసుకోవచ్చు. మూడు వరుసలు, మూడు నిలువుల గడిలో మధ్య చోటు ఖాళీగా వదిలి, చుట్టూ ఎనిమిది పలకలు పేరిస్తే పెట్టె తయారవుతుంది. పలకల బదులు ఎనిమిది రాళ్లు పేరిస్తే కొలిమి వస్తుంది. ఈ సంగతి అప్పట్లో ఆటలో ఎక్కడా రాసి ఉండేది కాదు. కంప్యూటర్ వెర్షన్‌లోకి రెసిపీ బుక్ వచ్చిందే 2017లో. అంతదాకా ఒక విండోలో ఆట, పక్క విండోలో వికీ తెరుచుకుని ఆడడం మామూలు. ఆట తొలి రూపం 2009 మేలో జనంలోకి వస్తే, జులైకల్లా మైన్‌క్రాఫ్ట్ వికీ పుట్టింది.

ఆ పేజీలు రాసిందంతా ఆటగాళ్లే, అదీ జీతం భత్యం లేకుండా. సర్వర్ మాత్రం ఇంకొకరిది. గేమ్ వికీల ఇరవై ఏళ్ల చరిత్రలో తగువులన్నీ ఈ తేడాలోంచే పుట్టాయి.

వికీలకు ముందు గైడ్లు లేకపోలేదు. 1995లో మొదలైన గేమ్‌ఫాక్స్ సైట్‌లో ఒక్కో ఆటకు వందల పేరాల గైడ్లు ఉత్త టెక్స్ట్ ఫైళ్లుగా ఉండేవి. మ్యాపులు కూడా కీబోర్డు గుర్తులతోనే గీసేవారు. అయితే ఒక గైడ్‌కు సాధారణంగా ఒకరే కర్త. ఆయన ఓపిక అయిపోతే తప్పులు తప్పులుగానే మిగిలిపోయేవి. ఎవరైనా దిద్దగల పేజీలతో వార్డ్ కనింగ్‌హామ్ తొలి వికీని నెట్‌లో పెట్టింది కూడా 1995లోనే. 2001లో వికీపీడియా వచ్చాక, దానికోసం రాసిన మీడియావికీ సాఫ్ట్‌వేర్ ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదలైంది. తెలుగు వికీపీడియా నడుస్తున్నదీ, నేటి పెద్ద గేమ్ వికీల్లో చాలావరకు నడుస్తున్నదీ దాని మీదే.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004 నవంబరు 23న విడుదలైంది. మర్నాడే వావ్‌వికీ మొదలైంది. ప్యాచ్ వచ్చినప్పుడల్లా ఆయుధాల బలం, మంత్రాల లెక్క మారిపోయే అలాంటి ఆటకు ఒక్కరు కూర్చుని రాసే గైడ్ చాలదు. వికీకైతే వందలమంది చేతులు సాయం పడతాయి. ఆ తర్వాత కొద్దికాలానికే పోకెమాన్ అభిమానుల బుల్బపీడియా, సూపర్ మారియో వికీ సొంత సైట్లుగా పుట్టాయి.

సొంత సైట్ అంటే సర్వర్ బిల్లు, స్పామ్ బాట్లతో పోరు, అర్ధరాత్రి డేటాబేస్ మొరాయిస్తే లేచి చూసే మనిషి. ఈ బాధ్యత తమదంటూ 2004లోనే వికీసిటీస్ వచ్చింది. వికీపీడియాకు చెందిన జిమ్మీ వేల్స్, ఏంజెలా బీస్లీ కలిసి పెట్టిన ఈ సంస్థ తర్వాత వికియాగా, ఆ తర్వాత ఫాండమ్‌గా పేరు మార్చుకుంది. హోస్టింగ్ ఉచితం, ఆదాయం ప్రకటనల నుంచి. 2007లో వావ్‌వికీ అక్కడికి చేరింది.

అదే ఏడాది గిల్డ్ వార్స్ అభిమానుల గిల్డ్‌వికీ కూడా వికియా చేతికి వెళ్లింది. అమ్మింది డొమైన్ ఎవరి పేరున ఉందో వాళ్లు. పేజీలు రాసిన వందలమంది ప్రమేయం అందులో లేదు. ఆ ఏడాదే ఆట తయారుచేసిన ఎరీనానెట్ తన సర్వర్ల మీద అధికారిక వికీ తెరిచింది. గిల్డ్‌వికీ లైసెన్సు వ్యాపార అవసరాలకు వాడకాన్ని ఒప్పుకోదు. అందుకే అక్కడి వ్యాసాలు తెచ్చుకునే వీల్లేక అన్నీ మొదటి అక్షరం నుంచి మళ్లీ రాశారు. తర్వాత వచ్చిన గిల్డ్ వార్స్ 2లో చాట్ పెట్టెలో వికీ కమాండ్ కొట్టి పక్కన వస్తువు పేరు రాస్తే చాలు, ఆ పేజీ తెరుచుకుంటుంది.

2010లో వికియా అన్ని సైట్లకూ ఒకే కొత్త రూపం తెచ్చింది. పేజీ వెడల్పు బిగించేశారు. ఆటల వికీకి ప్రాణం లాంటి వెడల్పాటి పట్టికలు అందులో ఇమడలేదు. నెట్‌హ్యాక్ అనే ఆట వికీ బయటికి నడిచింది. వావ్‌వికీ నిర్వాహకులు వ్యాసాలన్నీ కాపీ చేసుకుని కర్స్ అనే సంస్థ సర్వర్ల మీద వావ్‌పీడియా మొదలుపెట్టారు. వికీలోకంలో దీన్ని ఫోర్క్ అంటారు. పేరు చెప్పి, అదే షరతు మీద ఎవరైనా తిరిగి ప్రచురించుకోవచ్చనే స్వేచ్ఛా లైసెన్సు ఉంది కాబట్టి ఇది సాధ్యపడింది.

అయితే లైసెన్సు వర్తించేది రాతకే, అడ్రసుకు కాదు. పాత వావ్‌వికీ ఉన్నచోటే ఉండిపోయింది. ఏళ్ల తరబడి పోగైన లింకుల బలంతో సెర్చ్‌లో అదే ముందు కనిపించేది. రాసేవాళ్లు వెళ్లిపోయిన సంగతి తెలియని పాఠకుడు పాత సమాచారమే చదువుకునేవాడు. అద్దె ఇల్లు ఖాళీ చేసి సామానంతా తెచ్చుకున్నా, ఉత్తరాలు మాత్రం పాత ఇంటికే పోతున్నట్టు తయారైంది పరిస్థితి. మిగిలిన పాఠకులు దిద్దుకోవచ్చు కదా అంటూ ఫాండమ్ పాత వికీలను మూసేయదు. అక్కడ ప్రకటనలూ ఆగవు.

ఇక వావ్‌పీడియా ప్రయాణం వింతగా సాగింది. కర్స్ తన వికీలను గేమ్‌పీడియా పేరుతో విస్తరించింది. 2016లో అమెజాన్ వారి ట్విచ్ కర్స్‌ను కొన్నది. 2018 చివర్లో ట్విచ్ నుంచి గేమ్‌పీడియాను కొన్నది ఎవరంటే, ఫాండమే. అంతకు ఎనిమిదేళ్ల ముందు ఎవరిని కాదని బయటపడ్డారో, ఆ గుమ్మంలోకే వావ్‌పీడియా సంపాదకులు తమ ప్రమేయం లేకుండా చేరారు. మైన్‌క్రాఫ్ట్ వికీ కూడా కర్స్ ద్వారా అలాగే ఫాండమ్‌లో పడింది.

ఈ కొనుగోలుకు కొద్దిగా ముందే, 2018 అక్టోబరులో, రూన్‌స్కేప్ వికీ ఫాండమ్‌ను వదిలింది. ఈసారి పద్ధతి వేరు. సంపాదకులే వియర్డ్ గ్లూప్ అనే కంపెనీ పెట్టుకున్నారు. ఆట తయారీదారు జాగెక్స్ అండగా నిలిచింది. ఏ రాక్షసుడిని చంపితే ఏ వస్తువు ఎన్నిసార్లకొకసారి దొరుకుతుంది, బజారులో దాని ధర ఇప్పుడెంత అనే లెక్కలు కొత్త సైట్‌లో త్వరత్వరగా చేరాయి. ఆటలోంచే నేరుగా వికీకి దారి ఉండడంతో పాఠకులు సెర్చ్ మీద ఆధారపడే అవసరం తగ్గింది.

ఆ దారి చూసి మిగిలినవాళ్లు కదిలారు. గేమ్‌పీడియాలో ఒకప్పుడు పనిచేసినవాళ్లు నడిపే వికీ డాట్ జీజీకి 2022లో టెరారియా వికీ వెళ్లింది. 2023 సెప్టెంబరులో మైన్‌క్రాఫ్ట్ వికీ వియర్డ్ గ్లూప్ దగ్గరికి మారింది. మరుసటి నెలలో వావ్‌పీడియా రెండోసారి ఫాండమ్ గడప దాటి, వార్‌క్రాఫ్ట్ వికీ అనే కొత్త పేరుతో వికీ డాట్ జీజీలో దిగింది. 2024లో లీగ్ ఆఫ్ లెజెండ్స్ వికీ వియర్డ్ గ్లూప్ నిర్వహణలో ఏకంగా ఆట సొంత డొమైన్ కిందికే చేరింది. పాత లింకు నొక్కితే కొత్త సైట్‌కు మళ్లించే ఇండీ వికీ బడ్డీ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ కూడా వచ్చింది.

ఇన్ని వలసల తర్వాత సంపాదకులు హోస్ట్‌ను అడిగే ప్రశ్నలు మారాయి. స్థలమెంత, వేగమెంత అన్నవి వెనక్కి పోయాయి. డొమైన్ ఎవరి పేరున ఉంటుంది, డేటాబేస్ మొత్తం దించుకోవచ్చా, రేపు వెళ్లిపోతే పాత కాపీని ఏం చేస్తారు అన్నవి ముందుకొచ్చాయి. వియర్డ్ గ్లూప్ తన వికీలతో ఈ విషయాలపై ముందే ఒప్పందం చేసుకుంటుంది. నింటెండో ఆటల స్వతంత్ర వికీలు 2010లోనే కూటమి కట్టి ఒకదానికొకటి లింకులు, సాంకేతిక సాయం ఇచ్చుకుంటున్నాయి. లాభాపేక్ష లేని మిరాహీజ్ 2015 నుంచి ప్రకటనలు లేకుండా చిన్న వికీలకు చోటిస్తోంది. అది విరాళాల మీద నడుస్తుంది కాబట్టి 2023లో మూతపడే దాకా వెళ్లి, నిర్వహణ చేతులు మారాక నిలదొక్కుకుంది.

పెద్ద కంపెనీ అండ, పదిమంది సాంకేతిక నిపుణులు ఉన్న ఆటలకు వీటిలో చాలావరకు అందుబాటులో ఉన్న దారులు. నలుగురు అభిమానులే ఉన్న చిన్న ఆటకు మాత్రం పైసా ఖర్చు లేకుండా నిమిషాల్లో వికీ తెరిచిపెట్టే ఫాండమ్ ఇప్పటికీ సులువైన చోటు. కొత్త వికీలు అక్కడ ఇంకా పుడుతూనే ఉన్నాయి.