నొప్పి అన్నా, నోవు అన్నా

2021 ఆగస్టు 5న తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలుపెట్టారు. జనాన్ని వెతుక్కుంటూ వైద్యమే ఇంటికి రావడమని ఆ పేరుకు అర్థం. తెలుగు, తమిళం, కన్నడం ఒకే సంతలో వినబడే నేల ఇది.

టిప్పు సుల్తాన్ నుంచి కృష్ణగిరి వైపు 1792లో, హోసూరు 1799లో ఇంగ్లీషువాళ్ల చేతికి పోయాయి. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు రెండూ మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయాయి. సేలం, ధర్మపురి, 2004లో కృష్ణగిరి అంటూ జిల్లాలు మారాయి. ఎందరి ఇళ్లలోనో తెలుగు నిలిచింది, సర్కారు ఆస్పత్రి చీటీ తమిళంలోకి వెళ్లింది.

మందులతో పేచీ లేదు. మన 'మందు' తమిళంలో 'మరుందు', కన్నడంలో 'మద్దు'. సూదిని తమిళంలో 'ఊసి' అంటారు, కన్నడంలో 'సూజి' అంటారు. మాత్ర తమిళంలో 'మాత్తిరై'. చిక్కంతా నొప్పి దగ్గరే. తమిళ నర్సు అడిగేది 'వలి' గురించి. తెలుగులో వలి అంటే చలి, వలిగాలి అనడం అందుకే. అయితే పల్లె తమిళంలో 'నోవు' అనే పాత మాట ఒకటుంది, కన్నడంలోనూ అదే. ఆ మాటతో అడిగితే మన నొప్పికి చాలా దగ్గరగా వచ్చినట్టే.

కాన్పు గదిలో పొరపాటు ఇంకా బరువైనది. రాయలసీమ పల్లెల్లో 'నీళ్లాడింది' అంటే ప్రసవించింది అని. తమిళంలో 'నీరాడు' అంటే స్నానం చేయడం!

నమ్మకం విషయంలో మాత్రం మూడు భాషలదీ ఒకే దారి. మశూచిని మనం అమ్మవారన్నాం, తమిళులు 'పెరియమ్మై' అన్నారు. 1975తో ఆ జబ్బు దేశం నుంచి పోయినా, ఒంటిమీద పొక్కులు లేస్తే ఇప్పటికీ 'అమ్మ పోసింది' అనే అంటారు, గుమ్మానికి వేపమండ కడతారు. ఆ మండను వెక్కిరించిన నర్సుకు ఆ ఇంట్లో ఇంకేమీ చెప్పరు. మండను అలాగే ఉండనిచ్చి జ్వరం సంగతి అడిగినామెకు అన్నీ చెబుతారు.

'మక్కళై తేడి మరుత్తువం' పథకంలో ఇళ్లకు వెళ్లి బీపీ, షుగరు చూసే ఆరోగ్య కార్యకర్తలను స్థానిక మహిళా సంఘాల నుంచే తీసుకున్నారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. పట్టీ చుట్టే చెయ్యీ, పలకరించే మాటా ఆ ఊరివే.

2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరైంది. ఉంటున్న రాష్ట్రం భాష రావలసిందే. కానీ ఆయాసంతో వచ్చిన ముసలమ్మను తమిళంలోనే చెప్పమనడం అన్యాయం. చీటీని మనవరాలు గడగడా చదివేస్తుంది. 'కాళ్లు గుంజుతున్నాయి' అని అవ్వ అంటే, దానికి తమిళ మాట వెతుక్కుంటూ నర్సమ్మ ముందు నిలబడేదీ ఆ పిల్లే.