పదహారు యాంప్‌ల ఎదుట

తలుపు మెల్లగా తోయండి. లోపల చీకటి. ఇది 1969, అమెరికాలో ఒక ఆపెరా హౌస్. ఇవాళ ప్రదర్శనేమీ లేదు, రిహార్సల్ కోసం అద్దెకు తీసుకున్నారు. వరసలు వరసలుగా ఖాళీ కుర్చీలు. ఎక్కడో మధ్యలో కూర్చుని, ముందు కుర్చీ వీపు మీద అరచెయ్యి ఆనించండి. ఇక్కడ వినడానికి చెవులొక్కటే చాలవు.

వేదిక మీద ఉన్నది గోడ అనుకుంటారు మొదట. కాదు, యాంప్లిఫయర్లు. పదహారు. ఒక్కొక్కటి 200 వాట్లది, సన్ కంపెనీ సరుకు. ఆరెగన్ రాష్ట్రంలో ఇద్దరు అన్నదమ్ములు పెట్టిన కంపెనీ అది. వాళ్లలో ఒకాయన కింగ్స్‌మెన్ బృందంలో బేస్ గిటారు వాయించేవాడు. పెద్ద హాళ్లకు తన వాయిద్యం చాలడం లేదని యాంప్‌ల తయారీకి దిగాడు. ఇప్పుడు ఆ గోడ ముందు గిటారు తగిలించుకుని నిలబడ్డ మనిషి రాండీ హోల్డెన్. వేదిక మీద ఇంకొక్కరే ఉన్నారు, క్రిస్ లాక్‌హీడ్. బేస్ వాయించే మనిషి లేడు, పాటకు వేరే గొంతు లేదు.

మీటలు నొక్కారు. వాల్వులు వేడెక్కేదాకా ఏమీ వినిపించదు. తర్వాత పదహారు చోట్ల నుంచి గుయ్‌మంటూ సన్నటి రొద. ఇంకా తీగను తాకనే లేదు.

అదిగో, తాకాడు. ‘గిటార్ సాంగ్’.

చెయ్యి కింద చెక్క అదిరింది కదా? జాతరలో డప్పుల వరసకు ఎదురుగా నిలబడితే పక్కటెముకల లోపల మోగుతుందే, అలా. అయితే డప్పుకున్న వడి దీనికి లేదు. ఒక దెబ్బ పడుతుంది. అది పైకప్పు దాకా నిండి, వెనక వరసలు తడిమి వచ్చాక గానీ రెండోది పడదు. ఈ ఆగడంలోనే నాకు ఈ సంగీతం ప్రాణమంతా కనిపిస్తుంది. గట్టిగా వాయించేవాళ్లు ఆ రోజుల్లో చాలామందే ఉన్నారు. ఇంత బరువెత్తుకుని ఇంత నిదానంగా నడిచినవాళ్లు ఎందరని?

మొత్తం 3,200 వాట్లు. శక్తి పదహారు రెట్లు పెరిగితే మోత పదహారు రెట్లు కాదు. 12 డెసిబెల్సే పెరుగుతుంది, చెవికి రెట్టింపు కంటే కాస్త ఎక్కువ. అంతమాత్రానికి ఇంత సామాను దేనికి అనిపించవచ్చు. హోల్డెన్ ఎడమచేతి వేలు చూడండి. వీణ తీగ మీటితే నాదం పుట్టి, కాసేపటికి సన్నగిల్లిపోతుంది. గిటారుదీ అదే తీరు. కానీ ఈ గోడ ముందు స్పీకర్లలోంచి వచ్చిన మోతే గాలిలో తిరిగి వచ్చి తీగను కుదుపుతుంది. ఆ కుదుపును గిటారులోని పికప్ పట్టుకుని మళ్లీ యాంప్‌కు పంపుతుంది. ఇక తీగ ఊరుకోదు. వేలు తీయకపోతే స్వరం నిలిచే ఉంటుంది. హోల్డెన్ ఒక అడుగు వెనక్కి వేస్తే స్వరం ఉబ్బుతుంది, పక్కకు తిరిగితే మరో స్వరంలోకి జారుతుంది. ఆయన గిటారు ఒక్కటే వాయించడం లేదు, హాలును వాయిస్తున్నాడు.

ఇప్పుడు లాక్‌హీడ్‌ను చూడండి. ఒక చేత్తో డ్రమ్స్, ఇంకో చేత్తో కీబోర్డు, ఒకేసారి. కాళ్లు వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి.

ఇద్దరే కావడం హోల్డెన్ కోరుకున్నది. మొన్నటిదాకా బ్లూ చీర్ బృందంలో ఉన్నాడు. ఆ ఏడాది వచ్చిన వాళ్ల ఆల్బమ్‌లో రెండో వైపున్న మూడు పాటలే హోల్డెన్‌వి. తన సంగీతం తన చేతిలో ఉండాలని బయటికి వచ్చేశాడు. ఇప్పుడు మనం వింటున్న ఈ పాటల ఆల్బమ్ పేరు ‘పాపులేషన్ టూ’. జనాభా ఇద్దరు. ఆ మాటకు ఆకాశంలోనూ అర్థముంది: రెండో ప్రపంచ యుద్ధకాలంలో లాస్ ఏంజెలిస్ దీపాలు ఆర్పిన రాత్రుల్లో, మౌంట్ విల్సన్ కొండ మీది దూరదర్శినితో ఖగోళ శాస్త్రవేత్త వాల్టర్ బాడే నక్షత్రాలను రెండు తెగలుగా విడదీశాడు. రెండో తెగ, అంటే పాపులేషన్ టూ, బాగా ముసలి చుక్కలు. ఈ సంగీతం వింటుంటే ఆ పేరు ఊరికే పెట్టలేదనిపిస్తుంది.

ఈ పాటలు రికార్డయ్యాయి. ఆరు పాటలు, మొత్తం అరగంట. మొదటి వైపున ‘బిట్వీన్ టైమ్’ అని రెండు నిమిషాలైనా లేని పాట ఒకటుంది. దానికి ఈ గోడ అక్కర్లేదు, మామూలు రాక్ బృందమైనా వాయించేది. ‘ఫ్రూట్ అండ్ ఐస్‌బర్గ్స్’ బ్లూ చీర్ రోజుల నుంచి వెంట వచ్చిన పాట. ఇక్కడ దానికి అసలైన ఒళ్లు దొరికింది.

మనకు తెలిసింది వేదిక మీది మనిషికి ఇంకా తెలియదు. విడుదల దగ్గర చిక్కులొచ్చి ఆయన దివాలా తీస్తాడు. ఈ సామానంతా పోతుంది. ఇరవై ఏళ్లకు పైగా సంగీతం జోలికే రాడు. ఆ కాలమంతా ఈ అరగంట దొంగ ప్రతులుగా చేతులు మారుతూ బతికింది. సరైన రూపంలో మళ్లీ అందరికీ అందింది 2020లో, రైడింగ్ ఈజీ అనే చిన్న కంపెనీ ద్వారా. 2022లో ‘పాపులేషన్ త్రీ’ కూడా వచ్చింది. ఆ పోయిన యాంప్‌ల సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

లేవకండి. చివరిది మిగిలే ఉంది, ‘కీపర్ ఆఫ్ మై ఫ్లేమ్’. దాదాపు పది నిమిషాలు. లాక్‌హీడ్ మళ్లీ రెండు చేతులూ రెండు చోట్ల పెట్టుకున్నాడు. హోల్డెన్ గోడకు ఇంకాస్త దగ్గరగా జరిగాడు. కుర్చీ మీది చెయ్యి తీయకండి, మోత ముందు అక్కడికే వస్తుంది.