ఉద్దానము: ఫలవృక్షములు, చిన్నరైతుల జీవనము

ఉద్దానము శ్రీకాకుళము జిల్లా ఈశాన్యభాగమున, మహేంద్రగిరి పర్వతపంక్తికిని బంగాళాఖాతమునకును నడుమ, పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురము మండలములలో వ్యాపించియున్న తోటసీమ. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి వృక్షములు వేర్వేరు క్షేత్రములలో గాక తరచుగా ఒకే కమతమునందు కలసి పెరుగుట ఈ సీమకు ప్రత్యేక లక్షణము. ఇచ్చటి సేద్యము ప్రధానముగా చిన్నకారు, సన్నకారు రైతుల చేతిలోనిది. ఫలవృక్షములను నాటుటచే అల్పభూమి గల కుటుంబము ఏ విధముగా నిలదొక్కుకొనునో, ఏ విధముగా ఆపదకు లోనగునో, రెండింటిని ఒక్కచోటనే చూపగల ప్రాంతము తెలుగునాట ఇంతకన్న మరియొకటి కానరాదు.

ఈ వృక్షములలో కొబ్బరి, పనస, మామిడి ఈ దేశమున చిరకాలముగా నున్నవే. జీడిమామిడి మాత్రము విదేశాగతము. బ్రెజిల్ తీరభూములలో సహజముగా పెరుగు ఈ చెట్టును పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారు గోవాకును మలబారు తీరమునకును తెచ్చిరి. దూరముగా వేళ్ళు పరపి మట్టిని పట్టియుంచు గుణముండుటచే తొలుత దీనిని పప్పుకొరకు గాక నేలకోత నరికట్టుటకే విశేషముగా నాటిరి. తూర్పుతీరపు ఇసుకదిబ్బలపై సరుగుడుతోపాటు అటవీశాఖవారు దీనిని పెంచుటయు ఆ ఉద్దేశముతోడనే. నీటివసతి లేని మెట్ట, సారము తక్కువైన ఇసుకనేల, పెట్టుబడి పెట్టలేని యజమాని, ఈ మూడును కూడినచోట సైతము ఎంతో కొంత కాపునిచ్చు చెట్టు గనుక పేదరైతు దీనిని ఆశ్రయించెను.

తోటవలన కలుగు లాభమును గణించువారు సాధారణముగా ఏడాదికి ఎకరమునకు వచ్చు రూపాయలను కూడి చూచి ఊరకుందురు. నా అభిప్రాయములో ఆ మొత్తముకన్న, అది ఏయే మాసములలో చేతికి వచ్చునన్నదియే చిన్నకుటుంబమునకు ప్రధానవిషయము. వరిపంట ఒక్కసారిగా ఇంటికి వచ్చును. వచ్చిన నాడే అప్పులవాడును వచ్చును. పిమ్మట మరల కోతలకాలమువరకు చేతిలో కాసుండదు. తోటగల ఇంటి లెక్క వేరు. మాఘఫాల్గుణములలో కూరకు పనికివచ్చు లేత పనసకాయలు దిగి, లారీలపై ఒడిశా, వంగదేశముల అంగళ్ళకు పోవును. మార్చి మొదలు మే వరకు జీడిపిక్కలు రాలును. మామిడి వేసవికి తోడగును. కొబ్బరికి ఋతువుతో పనిలేదు. నెలన్నరకో రెండునెలలకో ఒక దింపు వచ్చుచుండును గనుక, అది ఉప్పుకు, మందులకు, చుట్టాల రాకపోకలకు అక్కరకువచ్చు ధనము. వేసవిలో వచ్చిన జీడిపిక్కల సొమ్ము తొలకరి విత్తనమునకును, జూన్ మాసమున పిల్లల చదువునకును సరిగా సమయమునకు అందుటయే ఈ చెట్టుపై ఇచ్చటివారికి గల మమకారమునకు మూలకారణము. ఇవి గాక మట్టలు వంటచెరకై, ఈనెలు చీపుళ్ళై, ఆకులు ఎరువై, పనసతొనలు పిల్లల ఆకలి తీర్చు తిండియై కుటుంబమునకు చేయు ఉపకారము ఏ లెక్కలోను చేరదు. రాలిన పిక్కలేరి, పండునుండి వేరుచేసి, రెండుమూడు దినములు ఎండబెట్టు పని పెక్కిండ్ల స్త్రీలదే.

ఈ కథకు చీకటివైపు కూడ కలదు. అత్యవసరమున బడిన రైతు పూత దశయందే తోటను గుత్తకిచ్చి, వ్యాపారి వద్ద ముందుగా సొమ్ము తీసికొనును. కాపు మిక్కిలిగా వచ్చినను ఆ లాభము రైతుది కాదు. ఇట్టిచోట చెట్టు ఆస్తిగా మిగిలినను ఆదాయము పరహస్తగతమగుచున్నది.

చెట్టు నాటుటలో నిజమైన కష్టము మొక్క కొనుటలో లేదు, ఎదురుచూచుటలో నున్నది. జీడిమామిడి అంటుమొక్క మూడవయేట కాపునకు మొదలిడినను పూర్తి దిగుబడికి ఎనిమిది పదియేండ్లు పట్టును. పొడుగురకపు కొబ్బరి ఆరేడేండ్లకు గాని కాయదు. విత్తుపనస అంతకన్నను ఆలస్యము. ఎకరమో రెండెకరములో గలవాడు ఆ భూమిని ఇన్నేండ్లు చెట్ల పాలుచేసి ఏమి తినవలెను? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పని తోటపథకములు కాగితములపైననే పూచినవి.

దీనికి చక్కని సమాధానము గుజరాతు రాష్ట్రపు వాన్స్‌దా గిరిజన ప్రాంతమునుండి వచ్చెను. గాంధీమహాత్ముని అనుచరుడైన మణిభాయి దేశాయి 1967లో పూనా సమీపమున ఉరుళీకాంచన్ గ్రామమున స్థాపించిన బైఫ్ సంస్థ, 1982లో వాన్స్‌దాయందు ‘వాడి’ యను పేర చిన్న తోటల పద్ధతిని ప్రారంభించెను. కుటుంబమునకు సుమారొక ఎకరము. అందు మామిడి, జీడిమామిడి అంటుమొక్కలు. గట్లపై కంచెకును వంటచెరకునకును పశుగ్రాసమునకును పనికివచ్చు చెట్లు. వరుసల నడుమ మొదటినుండి చిరుధాన్యములు, అపరాలు, కూరగాయలు. పొలముపని లేని దినములలో చెరకునరుకుటకు దూరప్రాంతములకు వలసపోవు కుటుంబములను స్వగ్రామమున నిలుపుట దీని ఆశయము. నాబార్డు 2003–04లో గిరిజనాభివృద్ధి నిధిని ఏర్పరచి, ఈ పద్ధతిని అనేక రాష్ట్రములకు విస్తరింపజేసెను. ఆంధ్రప్రదేశపు ఏజెన్సీ ప్రాంతములును అందు చేరినవి.

ఉద్దానమునకు పడమరగా, నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట కొండలపై సవర, జాతాపు గిరిజనులు పెంచు తోటలయందు ఈ నడిమిపంట విలువ స్పష్టముగా తెలియును. జీడిమామిడి మొక్కల నడుమ కంది, పసుపు, అనాస వేయుదురు. సీతంపేట అనాసకు మైదానమున పేరు కలదు. పండునకు తీపి గలదు, ధర మాత్రము లేదు. కాపు ఒక్కపెట్టున పక్వమై, నిలువచేయు వసతి లేక, వారపుసంతలో దళారి అడిగిన ధరకే విడువవలసి వచ్చును. ఉపాధిహామీ పథకము క్రింద గోతులు త్రవ్వుటకును, మొక్కలు సాకుటకును కూలి లభించుట ఇటీవలి సదుపాయము. దానిచే రైతు తన భూమిలో తానే కూలి సంపాదించుచు చెట్లు పెంచగలుగుచున్నాడు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పాలుగాకుండ 1970 నాటి ఒకటవ నంబరు నిబంధన కాచుచున్నది. 2006 నాటి అటవీహక్కుల చట్టము వలన పోడుభూమికి పట్టా దొరకినవాడు ఇరువదేండ్ల పంటయైన చెట్టును ధైర్యముగా నాటును. హక్కు సందిగ్ధమైనచోట అట్టి ధైర్యము చేయువారు అరుదు.

మైదానపు ఉద్దానమునకు శత్రువు గాలి. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస ప్రాంతమున తీరము దాటినపుడు గంటకు 140 కిలోమీటర్లకు మించిన వేగముతో వీచిన గాలి ఒక్క పూటలో తోటలను నేలమట్టము గావించెను. కొబ్బరికి పెరుగుదలస్థానము తలయందొక్కటే గనుక మొవ్వు విరిగినచో మరల చిగురింపదు. విశాలమైన గుబురు గల జీడిమామిడి వేళ్ళతో సహా ఒరిగిపోవును. వరి మునిగినచో ఒక సంవత్సరపు నష్టము. తోట కూలినచో దశాబ్దపు నష్టము. పలురకముల చెట్లను కలిపి పెంచుట ధరల ఒడుదొడుకులనుండియు, తెగుళ్ళనుండియు కాపాడునుగాని, తుఫానునుండి కాపాడదు. అన్నియు ఒకే గాలికి పడును. ప్రభుత్వము చెట్టుకింతయని పరిహారమిచ్చినను, కొత్తమొక్క కాపునకు వచ్చువరకు గడువవలసిన దినములకు అది చాలినది కాదు. ఆ పిమ్మట హైదరాబాదునకును, ముంబయికిని, అరబ్బుదేశములకును పూర్వమునుండి సాగుచున్న వలస మరింత పెరిగెను. దీనికి తోడు, కారణమింకను నిర్ధారితము కాని మూత్రపిండవ్యాధి ఈ గ్రామములను చిరకాలముగా పీడించుచు, తోటమీద వచ్చిన సొమ్మును వైద్యమునకు లాగివేయుచున్నది.

జీడిపిక్కకు విలువ చేకూరునది పలాస–కాశీబుగ్గ జంటపట్టణమున. పిక్కలను కాల్చియో, ఆవిరిపై ఉడికించియో, కోతయంత్రమున ఒక్కొక్కదానిని పగులగొట్టి, పప్పును ఆరబెట్టి, పొట్టుతీసి, గుండు బద్ద నూకలుగా వేరుచేయు ఈ పరిశ్రమ వేలకొలది స్త్రీలకు ఏడాది పొడవున కూలినిచ్చుచున్నది. పెంకునందలి జిడ్డుద్రవము చేతులను బొబ్బలెక్కించును. ఆ పనివారి వ్రేళ్ళపై నల్లని మచ్చలు మాయవు. నూరు కిలోల పిక్కలనుండి సుమారు 25 మొదలు 30 కిలోల వరకు పప్పు లభించును. పెంకునూనె రంగులు, బ్రేకుల పరిశ్రమలకు పోవును. పండు మాత్రము, గోవాలో ఫెనీ యగుచుండగా, ఇచ్చట చాలవరకు చెట్టు క్రిందనే కుళ్ళిపోవుచున్నది; విటమిన్ సి అధికముగా గల ఈ ఫలము ఒకటి రెండు దినములకు మించి నిలువదు, గొంతును పట్టు వగరు దానికి మరియొక దోషము.

ధరవిషయమున రైతునకు వ్యాపారికి నడుమ వివాదము పాతదే. దేశీయముగా పండిన పిక్కలు కర్మాగారములకు చాలవు గనుక పశ్చిమాఫ్రికా దేశములనుండి పచ్చిపిక్కలు దిగుమతి యగుచున్నవి. అవి చవుకగా దొరకినయేడు ఉద్దానపు పిక్కకు గిరాకి తగ్గును. ఇచ్చట పిక్కల బేరము 80 కిలోల బస్తా లెక్కన జరుగును. ఆ బస్తాకు 16,000 రూపాయల మద్దతుధర కోరుచు రైతులు ఆందోళనలు చేసిరి. దేశములో సగటు దిగుబడి హెక్టారునకు 700 కిలోల ప్రాంతమున నున్నది. విత్తనమునుండి మొలచిన ముదురుతోటలు అంతయు ఇచ్చుట లేదు. బాపట్ల పరిశోధనస్థానము వెలువరించిన బి.పి.పి.–8 వంటి రకముల అంటుమొక్కలను వాని స్థానమున నాటినచో, పూతకాలమున టీదోమను, కాండము తొలుచు పురుగును కనిపెట్టియున్నచో, అదే నేలపై దిగుబడి పెంచవచ్చును. అయితే ముదురుచెట్టును నరకి కొత్తది నాటుటకు మరల మూడేండ్ల నిరీక్షణ తప్పదు; అందుచే రైతులు తోటనంతను ఒక్కసారి మార్చక, చచ్చిన చెట్టు తావున ఒక్కొక్క అంటును నాటుచు పోవుటయే అనుకూలముగా నున్నది.