రహస్యానికి నిర్వచనం లేదు

అధికార రహస్యాల చట్టాన్ని నేను ఒక మాటకు అర్థం వెతుక్కుంటూ చదివాను. రెండో సెక్షనులో ‘పత్రం’, ‘నమూనా’, ‘నిషిద్ధ స్థలం’, చివరకు ‘పోలీసు సూపరింటెండెంట్’కు కూడా నిర్వచనం ఉంది. ‘రహస్యం’ అన్నదానికి మాత్రం లేదు. మాటలతో పని చేసేవాళ్లం కనుక ఈ లోపం చరిత్రను మనం పట్టించుకోవాలి.

కాశ్మీరు మహారాజు ప్రతాప్‌సింగ్‌ను తెల్లదొరలు అధికారానికి దూరం చేయడం వెనుక గిల్గిట్ మీద ఆశ ఉందని చూపే ప్రభుత్వ పత్రాన్ని ‘అమృత బజార్ పత్రిక’ 1889 అక్టోబరులో అచ్చువేసింది. ఆ నెలలోనే మన దేశానికి మొదటి రహస్యాల చట్టం వచ్చింది. ఇంగ్లండులో అదే ఏడాది చేసిన చట్టం దానికి మూస. కాబట్టి కారణమంతా పత్రికేనని అనను. కాని ఆ శాసనం కత్తి ఎవరి మెడ మీద వేలాడిందో పత్రికలవాళ్లకు వెంటనే తెలిసింది. 1904లో కర్జన్ దాన్ని సైనిక విషయాల నుంచి పౌరపాలనకూ విస్తరింపజేశాడు. శాసనమండలిలో గోఖలే ఎదిరించాడు, ఫలితం లేకపోయింది.

1923 చట్టం ఇచ్చినవాడితో పాటు తెలిసి పుచ్చుకున్నవాణ్ణీ నేరస్తుణ్ణి చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక ఇది రద్దు కాలేదు సరికదా, 1967లో మరింత బిగిసింది. ఫైలు మీద ‘టాప్ సీక్రెట్’, ‘కాన్ఫిడెన్షియల్’ ముద్రలు పడేది ఈ చట్టం ప్రకారం కాదు, కార్యనిర్వాహక సూచనల ప్రకారం. అంటే గుట్టు ఏదో తేల్చేది ఆ గుట్టు కలవాడే!

2005 సమాచార హక్కు చట్టం ఈ పాత శాసనం కంటే తనదే పైచేయి అని చెప్పుకుంది. రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2006లో పాతదాన్ని రద్దు చేయమంది. ప్రభుత్వం వినలేదు.

తెలంగాణపై నివేదిక ఇచ్చిన శ్రీకృష్ణ కమిటీ, శాంతిభద్రతల అధ్యాయాన్ని మాత్రం సీల్డు కవరులో కేంద్రానికి విడిగా అందజేసింది. దాన్ని బయటపెట్టాలని 2011 మార్చిలో హైకోర్టు న్యాయమూర్తి ఎల్. నరసింహారెడ్డి ఆదేశిస్తూ, తీర్పులోనే కొన్ని భాగాలు ఉదహరించారు. దేశభద్రత పేరిట దాచిన ఆ కాగితాల్లో పత్రికలను దారికి తెచ్చుకునే ఉపాయం కూడా ఉంది: అవి ప్రభుత్వ ప్రకటనల ఆదాయం మీద ఆధారపడి ఉన్నాయి కనుక, జాగ్రత్తగా మలచుకోవచ్చునట.