కిలో ధర, క్వింటాలు ధర: అద్దంకి కల్లాల నుంచి ఒక పరిశీలన

మాఘమాసం వచ్చేసరికి అద్దంకి చుట్టుపక్కల ఊళ్లలో కల్లాలు ఎర్రబడతాయి. పట్టాల మీద ఆరబోసిన మిరపకాయల దగ్గర కూలీ ఆడవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుని వరసగా కూర్చుంటారు. తాలుకాయ ఒక పక్కకి, మేలుకాయ మరో పక్కకి వేస్తుంటారు. పొద్దుగూకాక ఇంటికి పోతూ కిరాణా కొట్టులో పావుకిలో కందిపప్పు, ఒక నూనె ప్యాకెట్ కొంటారు. ఆ కల్లం ఆసామీ కూడా అదే కొట్టుకు వస్తాడు. అతను పండించేది మిరప, పత్తి, పొగాకు, శనగ. పొయ్యి మీదికి కావలసినవి చాలావరకు కొనుక్కోవలసిందే.

ధరల మీద జరిగే చర్చల్లో సాధారణంగా ఇద్దరు మనుషులు కనిపిస్తారు. కిలో ధర చూసి కోప్పడే వినియోగదారుడు ఒకరు, క్వింటాలు ధర చూసి కుంగిపోయే రైతు ఇంకొకరు. గుంటూరు, ప్రకాశం మెట్టపొలాల్లో ఆ ఇద్దరూ ఒక్క ఇంట్లోనే ఉన్నారు. ఇక్కడి రాజకీయ అసంతృప్తిని ఈ కోణంలోంచి చదవాలన్నదే ఈ వ్యాసం వాదన.

కిలో ధరకు ఎంత బలముందో తెలుగు రాజకీయానికి బాగా తెలుసు. కిలో రెండు రూపాయల బియ్యం హామీతో ఎన్టీ రామారావు 1983లో అధికారంలోకి వచ్చారు. తర్వాత కాంగ్రెస్ ప్రభుత్వం ఆ ధరను 3.50 రూపాయలకు పెంచింది. 1994 డిసెంబరులో తిరిగి గెలిచిన రామారావు మళ్లీ రెండు రూపాయలు చేశారు. 1996లో చంద్రబాబు ప్రభుత్వం 3.50కు పెంచితే, 2008లో రాజశేఖరరెడ్డి రెండు రూపాయలకు దించారు. 2011లో అది ఒక్క రూపాయి అయింది. పార్టీలు మారినా ఆ అంకె మీద వాళ్ల చూపు మారలేదు.

క్వింటాలు ధరకు అలాంటి చరిత్ర లేదు. మిరప సంగతే చూద్దాం. 2021-22లో నల్ల తామరపురుగు పూతనూ పిందెనూ తినేసింది. మందుల మీద మందులు కొట్టినా చాలా చేలు నిలబడలేదు. పంట తగ్గడంతో ధర పెరిగింది. ధర చూసి మళ్లీ మిరప వేశారు. ముందటి ఏడాది క్వింటాలు 20 వేలకు అటూ ఇటూ పలికిన కాయ 2025 ఫిబ్రవరి నాటికి గుంటూరు యార్డులో 10 వేలు, 12 వేల మధ్యకు దిగింది. మాజీ ముఖ్యమంత్రి జగన్ యార్డుకు వచ్చారు, ముఖ్యమంత్రి ఢిల్లీకి ఉత్తరాలు రాశారు. నెలాఖరుకు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసి, 2.43 లక్షల టన్నుల వరకు వర్తిస్తుందని చెప్పింది. కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే పంటల్లో మిరప లేదు. అందుకే ధర పడిన ప్రతిసారీ ఈ అభ్యర్థనల తంతు మొదటి నుంచీ నడవాలి.

పత్తికి మద్దతు ధర ఉంది. 2025-26లో పొడవు పింజకు 8,110 రూపాయలు. కానీ ఆ ఆగస్టులోనే, తీతలు మొదలుకాకముందే, కేంద్రం దూది మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసింది. మొదట సెప్టెంబరు దాకా అన్నది, తర్వాత డిసెంబరు దాకా పొడిగించింది. మిల్లుకు ఊరట కావలసినప్పుడు ఒక్క ఉత్తర్వు చాలుతుంది. రైతుకు ఊరట కావాలంటే పంట యార్డుకెక్కి, ధర పడి, ధర్నా జరగాలి. ఈ తేడానే రైతు మనసులో గుచ్చుకుంటుంది, గుచ్చుకోవడం న్యాయమే.

ఇక కొట్టు వైపు. 2024 అక్టోబరులో దేశంలో ఆహార ద్రవ్యోల్బణం 10.87 శాతానికి చేరింది. అంతకు నెల ముందే నూనెగింజల రైతుల కోసమని ముడి వంటనూనెల మీద మౌలిక సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచారు. ఉద్దేశం మంచిదే. అయితే దేశానికి కావలసిన నూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది కాబట్టి ఆ భారం ప్యాకెట్ ధరకు ఎక్కింది. అద్దంకి మిరప రైతు వేరే రాష్ట్రపు సోయా రైతును ఆదుకోవడానికి తన జేబులోంచి చెల్లించాడు. ఆరు నెలలు తిరక్కుండా అతని కాయకు ధర పడిపోయింది.

ఈ నేలకు ఇది కొత్త గాయం కాదు. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టింది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు విచ్చలవిడిగా కొట్టడం దాన్ని ఇంకా పెంచింది. మందుల కొట్లలో అప్పులు తీర్చలేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆంధ్ర పత్తి రైతు ఆత్మహత్యలు దేశం దృష్టికి రావడం అక్కడి నుంచే.

ధాన్యం పండే చోటా కోపం తక్కువేం లేదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని పంట విరామం ప్రకటించి, నీళ్లున్న పొలాలను బీడు పెట్టారు. మిరప రైతుకు ఆ దారి కూడా కష్టమే; కౌలు ముందే ఒప్పుకుని ఉంటాడు.

ఆ కౌలురైతు దగ్గరే సమస్య చిక్కుపడుతుంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం సాగుదారు హక్కుల కార్డు రావాలంటే భూయజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. నోటిమాట కౌలు నడిచే ఊళ్లలో పెట్టేవాళ్లు తక్కువ. కార్డు లేనివాడు బ్యాంకులో అప్పు పుట్టక వడ్డీవ్యాపారి దగ్గరికి పోతాడు. కాయ ఆరగానే, ధర కోసం కోల్డ్ స్టోరేజీలో పెట్టకుండా, వచ్చిన రేటుకు అమ్మేస్తాడు. మార్కెట్ జోక్యం పథకం డబ్బు ప్రకటించే వేళకు అతని మిరప బస్తాలు ఎప్పుడో లారీ ఎక్కి ఉంటాయి. ప్రభుత్వ పంట నమోదు ఈ-క్రాప్‌లో ఆ చేను భూయజమాని పేరున నమోదై ఉంటుంది.