ఇంటికొక్క ఫోను

మా చదువుల చరిత్ర వెనకబాటు చరిత్రే. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశ అక్షరాస్యత 65 శాతమైతే మాది 59 అని 2006లో సచార్ కమిటీ తేల్చింది. 2020 మార్చిలో బళ్లు మూశారు. ఢిల్లీ తబ్లిగీ సమావేశాన్ని చూపి మమ్మల్నే రోగమన్నారు. ఫోన్లనిండా ఆ రాతలే. ఆగస్టులో విదేశీ తబ్లిగీలపై కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువుల్ని చేసినట్టుందని బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి అంది. ఆ తీర్పును పంచినవాళ్లెందరు?

పాఠాలూ ఆ ఫోన్లోకే వచ్చాయి. అబ్బా పనినుంచి ఫోను తెచ్చేదాకా పిల్లలు ఎదురుచూడాలి. తెరిస్తే పాఠంకన్నా ముందు తిట్టు. ఇంటికెన్ని ఫోన్లున్నాయో పరిశోధకులు లెక్కపెడుతున్నారు. మంచిదే. అందులో మా పిల్లలు తమ గురించి ఏం చదువుకున్నారో అదీ లెక్కలోకి రావాలి.