ఒక కొండ, రెండు స్మృతులు

యెరూషలేములోని ఒకే కొండ ఇరుమతముల వారికి పవిత్రము. యూదుల దేవాలయము అచటనే ఉండెను, క్రీ.శ. 70లో రోమనులు దానిని నేలమట్టము గావించిరి. మహమ్మదు ప్రవక్త స్వర్గారోహణము అచటి శిలనుండియే జరిగెనని ముస్లిముల విశ్వాసము. 7వ శతాబ్ది చివర ఆ శిలపై గుమ్మటము వెలసెను.

అయినను పాలస్తీనా కలహమునకు మతమే మూలమనుట సగము సత్యము. ఐరోపాలో హింసల పాలైన యూదులు తమకొక స్వదేశము కావలెనని 1897లో బాసెల్ మహాసభయందు తీర్మానించిరి. 1917లో బ్రిటిష్ విదేశాంగమంత్రి బాల్ఫర్ పాలస్తీనాలో వారికి 'జాతీయ నివాసము' ఏర్పడుటకు తోడ్పడుదుమని లేఖ వ్రాసెను. ఆనాటి జనులలో పదింట తొమ్మిదివంతులు అరబ్బులు. ఆ లేఖలో వారి పేరైన లేదు. వారు 'యూదేతర సమాజములు' మాత్రమే.

హిట్లరు కాలమున అరవైలక్షల యూదులు హతులైన పిదప, స్వదేశమను కోరిక ప్రాణావసరమయ్యెను. 1947 నవంబరులో ఐక్యరాజ్యసమితి పాలస్తీనా విభజనను ఆమోదించెను. సంయుక్తరాజ్యమును సూచించిన భారతదేశము దానికి వ్యతిరేకముగా ఓటు వేసెను. విభజన గాయము మనకప్పటికి మూడునెలలనాటిది. 1948లో ఇజ్రాయేలు వెలసెను. సుమారు ఏడులక్షల అరబ్బులు ఇల్లువాకిళ్లు కోల్పోయిరి.

కొండను నిందించి లాభములేదు. ఆశ్రయము కోరినవారి దుఃఖము నిజము. ఆశ్రయము పోయినవారి దుఃఖమును నిజమే. ఒకదానిని మరచి రెండవదానిని చెప్పునది చరిత్ర కానేరదు.